గ్రూప్ ప్రాజెక్టుకు ఆఖరి రాత్రి జాగారం తప్పాలంటే

ఎంబీఏలో గ్రూప్ ప్రాజెక్టు అంటే ఐదుగురి పని ఇద్దరి నెత్తిన పడటం మామూలే. మొదటి మీటింగులోనే ఒక షీటు తెరిచి మూడే కాలమ్‌లు పెట్టండి: పని, పేరు, తేదీ. "మార్కెటింగ్ భాగం" అని రాస్తే ఎవరూ కదలరు. "పోటీ కంపెనీల ధరల పట్టిక, 1 స్లైడు" అని రాయాలి. ఒక పనికి రెండు పేర్లు రాశారో, ఇక అది ఎవరిదీ కాదు. తేదీ అసలు గడువుకు 48 గంటల ముందుది వేయండి. స్లైడ్లన్నీ కలిపి, ఒకరి లెక్కలోని అంకె ఇంకొకరి దాంట్లో వేరేగా పడిందేమో చూడటానికే ఒక పూట పోతుంది మరి. ఆ కలిపే పని ఒక్కరికే అప్పగించి, వాళ్లకు రాత పని తగ్గించండి. ఒకట్రెండు రోజుల్లో ఇవ్వాల్సిన చిన్న కేస్ స్టడీలకు (ఒక కంపెనీ సమస్యను విశ్లేషించే అసైన్‌మెంట్లకు) మాత్రం ఇది కుదరదు, అందరూ ఒకచోట కూర్చుని తేల్చేయడమే నయం.