పెళ్ళయ్యాక ఇంటిపేరు మార్చుకుంటే అమెరికా ఇమిగ్రేషన్ కాగితాల్లో ఏ పేరు రాయాలి

పెళ్ళయింది కాబట్టి ఇంటిపేరు మార్చుకుని తీరాలని ఇండియాలో ఏ చట్టమూ లేదు, అమెరికా వీసాకి కూడా అలాంటి షరతు లేదు. ఈ మాట ముందే ఎందుకు చెప్తున్నానంటే, సంబంధం కుదిరిన రోజు నుంచీ చుట్టాలు, పక్కింటివాళ్ళు, వీసా ఏజెంట్లు అందరూ కలిసి "పాస్‌పోర్ట్‌లో పేరు మార్పించకపోతే హెచ్4 (అమెరికాలో పనిచేసే భర్త దగ్గరికి వెళ్ళడానికి ఇచ్చే డిపెండెంట్ వీసా) రాదు" అని అమ్మాయిని కంగారు పెడతారు. ఆ కంగారులో వీసా స్లాట్ దగ్గర పెట్టుకుని పాస్‌పోర్ట్ రీ-ఇష్యూకి ఇచ్చేసి, అది చేతికి వస్తుందో రాదో అని టెన్షన్ పడేవాళ్ళు చాలామంది ఉన్నారు. అక్కర్లేదు. పుట్టింటి పేరుతో ఉన్న పాస్‌పోర్ట్, రిజిస్టర్ అయిన మ్యారేజ్ సర్టిఫికెట్, పెళ్ళి ఫొటోలు, భర్త స్టేటస్ కాగితాలు పెట్టుకుని శుభ్రంగా డిపెండెంట్ వీసాకి వెళ్ళొచ్చు.

ఇంకొకటి కూడా కలిపేసి మాట్లాడుతుంటారు. పాస్‌పోర్ట్‌లో భర్త పేరు చేర్పించడం వేరు, మీ పేరు మార్చుకోవడం వేరు. మొదటిదాంట్లో మీ పేరు మీ పేరుగానే ఉంటుంది, జీవిత భాగస్వామి పేరు ఉండే చోట ఆయన పేరు పడుతుంది, అంతే. వీసాకి ఈ రెండూ తప్పనిసరి కాదు. పేరు మార్చుకోవడం మీకు ఇష్టమైతే మార్చుకోండి, అందులో తప్పేమీ లేదు, కానీ ఎప్పుడు మార్చుకుంటున్నారు అన్నదే అసలు సంగతి. ఒక కేసు నడుస్తుండగా మధ్యలో మార్చడం, సగం కాగితాల్లో మార్చి సగంలో వదిలేయడం, ఈ రెండే మనుషుల్ని ఇబ్బంది పెడతాయి.

పాస్‌పోర్ట్‌లో ఏముందో ముందు చూడండి

మన వాళ్ళ పాస్‌పోర్టుల్లో పేర్లు రకరకాలుగా ఉంటాయి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత ఉంటుంది, కొందరికి ఇంటిపేరు పొట్టి అక్షరంగానే ఉంటుంది. పాస్‌పోర్ట్ తీసుకున్నప్పుడు అప్లికేషన్ నింపినవాళ్ళు సర్‌నేమ్ గడి ఖాళీగా వదిలేసి మొత్తం పేరు గివెన్ నేమ్‌లో పెట్టేసి ఉంటారు. అలాంటి పాస్‌పోర్ట్‌తో వీసా అప్లికేషన్ ఫారం డీఎస్-160 నింపేటప్పుడు, ఆ మొత్తం పేరూ సర్‌నేమ్ గడిలోకి వెళ్తుంది, గివెన్ నేమ్ దగ్గర ఎఫ్ఎన్‌యూ అని రాయాల్సి వస్తుంది, అంటే మొదటి పేరు తెలియదు అని. వీసా మీద అదే పడుతుంది, ఆ వెనకే ఐ-94 (అమెరికాలో దిగినప్పుడు నమోదయ్యే ఎంట్రీ రికార్డు) మీద, కొన్ని రాష్ట్రాల్లో డ్రైవింగ్ లైసెన్స్ మీద కూడా అదే వచ్చి కూర్చుంటుంది, చివరికి బ్యాంకులో కూడా మిమ్మల్ని ఆ మూడక్షరాలతోనే పిలుస్తారు. యూఏఈ కూడా 2022 నవంబర్ నుంచి ఒకే పేరున్న పాస్‌పోర్ట్‌తో విజిట్ వీసా మీద వచ్చేవాళ్ళకి షరతులు పెట్టింది, దుబాయ్‌లో ఆగి బయట తిరిగి వద్దామనుకునేవాళ్ళు గుర్తుంచుకోవాలి.

కాబట్టి మీ పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంటే మాత్రం నా సలహా వేరే. పెళ్ళి పేరు మార్చుకున్నా మార్చుకోకపోయినా, వీసాకి అప్లై చేయకముందే రీ-ఇష్యూకి వెళ్ళి ఆ గడి నింపించుకోండి. పుట్టింటి ఇంటిపేరు పెట్టించుకున్నా సరే, అత్తింటిది పెట్టించుకున్నా సరే, రెండు గడుల్లోనూ పేరు ఉండాలి.

రీ-ఇష్యూ ఎలాగంటే, పాస్‌పోర్ట్ సేవా వెబ్‌సైట్లో రీ-ఇష్యూ ఎంచుకుని, కారణం దగ్గర వ్యక్తిగత వివరాల మార్పు అని పెట్టాలి. 36 పేజీల బుక్కుకి మామూలుగా 1500 రూపాయలు, తత్కాల్ అయితే ఇంకో 2000. పెళ్ళి వల్ల పేరు మార్పు కాబట్టి మ్యారేజ్ సర్టిఫికెట్ తీసుకెళ్ళండి. పోలీస్ వెరిఫికేషన్ మళ్ళీ జరగొచ్చు, అందుకని చేతిలో వ్యవధి ఉంటేనే ఈ పని పెట్టుకోవాలి. అబ్బాయి సెలవు పెట్టుకుని వచ్చి పెళ్ళి చేసుకుని వెంటనే వెళ్ళిపోతుంటే, అమ్మాయి కూడా త్వరగా వెళ్ళాలనుకుంటే, పేరు మార్పుని తర్వాతికి వదిలేయండి. పాస్‌పోర్ట్ గడువు ముగిసి రెన్యువల్‌కి వచ్చినప్పుడు అమెరికాలో ఇండియన్ పాస్‌పోర్ట్ అప్లికేషన్లు తీసుకునే వీఎఫ్ఎస్ అనే ఏజెన్సీ ద్వారా కాన్సులేట్‌కి పంపి అప్పుడు మార్చుకోవచ్చు, ఒకే ఖర్చులో అయిపోతుంది.

మ్యారేజ్ సర్టిఫికెట్

గుడిలో ఇచ్చే పత్రాన్నో ఫంక్షన్ హాల్ రసీదునో నమ్ముకోకండి, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయించిన సర్టిఫికెట్ కావాలి. హిందూ వివాహ చట్టం కింద అయితే జరిగిన పెళ్ళినే రిజిస్టర్ చేస్తారు, స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ కింద అయితే 30 రోజుల నోటీసు ఉంటుంది, ప్లాన్ వేసుకునేటప్పుడు ఆ నెల లెక్కలో పెట్టుకోండి. సర్టిఫికెట్ చేతికి ఇవ్వగానే అక్కడే నిలబడి ఒక్కో అక్షరం చదవండి. లక్ష్మిని ఇంగ్లీషులో ఎక్స్‌తో రాశారా, కె ఎస్ హెచ్‌తో రాశారా, చౌదరిలో హెచ్ ఎన్నిసార్లు వచ్చింది, పాస్‌పోర్ట్‌లో విడివిడిగా ఉన్న పేరుని కలిపేశారా, ఇవన్నీ చూడాలి, ఎందుకంటే ఆ ఒక్క కాగితమే మీ పాత పేరుకీ కొత్త పేరుకీ మధ్య లంకె. అందులోనే పేరు తప్పుంటే లంకె తెగినట్టే. అందులో తెలుగు ఉంటే ఇంగ్లీషు అనువాదం జత చేయాలి, అనువదించినవాళ్ళు తమకి రెండు భాషలూ వచ్చనీ అనువాదం పూర్తిగా సరిగా ఉందనీ రాసి సంతకం పెట్టాలి.

అమెరికాలోనే కోర్టు హౌస్‌లో పెళ్ళి చేసుకునేవాళ్ళు ఒకటి చూసుకోండి. కాలిఫోర్నియా లాంటి చోట్ల పెళ్ళి తర్వాత ఏ పేరు వాడతారో మ్యారేజ్ లైసెన్స్ అప్లికేషన్‌లోనే రాయాలి. అప్పుడు వదిలేసి తర్వాత మార్చాలనుకుంటే ఆ లైసెన్స్ దిద్దరు, చాలా సందర్భాల్లో కోర్టు ఆర్డర్ దాకా వెళ్ళాల్సి ఉంటుంది.

ఫారాల్లో ఎలా రాయాలి

ఏ ఫారం అయినా పద్ధతి ఒకటే. ఇప్పటి పేరు దగ్గర పాస్‌పోర్ట్‌లో ఉన్నది ఉన్నట్టు, పాత పేర్లు అడిగిన చోట ఇంతవరకూ వాడిన ప్రతి పేరూ. డీఎస్-160లో వేరే పేర్లు ఎప్పుడైనా వాడారా అని అడుగుతుంది, పేరు మారినవాళ్ళు అవును అని పెట్టి పుట్టింటి పేరు రాయాలి. గ్రీన్ కార్డు కోసం వేసే ఐ-130లోనూ ఐ-485లోనూ, ఇండియా నుంచి వెళ్ళేవాళ్ళు నింపే డీఎస్-260లోనూ ఇదే ప్రశ్న ఉంటుంది. ఉదాహరణకి పుట్టింటి వాళ్ళు బొల్లినేని, పేరు సౌజన్య, పెళ్ళయ్యాక పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ తాడికొండ అయిందనుకోండి. ఇప్పటి పేరు సౌజన్య తాడికొండ, వేరే పేర్ల దగ్గర సౌజన్య బొల్లినేని. మెమోలో బి. సౌజన్య అని ఉంటే అదీ రాయండి. ఎక్కువ రాస్తే అనుమానపడతారని కొందరు వదిలేస్తారు, నిజానికి అనుమానం వచ్చేది వదిలేసినప్పుడే. డిగ్రీ ఒక పేరుతో, బర్త్ సర్టిఫికెట్ ఇంకో పేరుతో ఉండి, ఫారంలో ఆ పేరు ఎక్కడా కనబడకపోతే అదనపు ఆధారాలు పంపమని నోటీసు రావొచ్చు.

అమెరికాలో ఉంటూ పాస్‌పోర్ట్ ఇంకా పాత పేరుతోనే ఉన్నా, మ్యారేజ్ సర్టిఫికెట్ చూపించి పెళ్ళి పేరుతో గ్రీన్ కార్డుకి అప్లై చేయొచ్చు, ఆ వీలు ఉంది. నేనైతే వద్దంటాను. కార్డు ఒక పేరుతో, పాస్‌పోర్ట్ ఇంకో పేరుతో ఉంటే ప్రతి ప్రయాణంలోనూ టికెట్ ఏ పేరుతో కొనాలి అనే దగ్గరే ఇబ్బంది మొదలవుతుంది. పాస్‌పోర్ట్ ముందు మార్చుకోండి, లేదంటే పాత పేరుతోనే వేయండి.

సొంతంగా హెచ్1బీ ఉద్యోగ వీసా మీద పనిచేస్తున్నవాళ్ళకి ఇంకో దిగులు ఉంటుంది, గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసే ఐ-140 పిటిషన్ పుట్టింటి పేరుతో అప్రూవ్ అయింది, ఇప్పుడు పేరు మారితే అది పనికిరాకుండా పోతుందా అని. పోదు. ఐ-485 వేసేటప్పుడు కొత్త పేరు రాసి, పాత పేరు కింద చూపించి, మ్యారేజ్ సర్టిఫికెట్ జత చేస్తే చాలు, ప్రయారిటీ డేట్, అంటే గ్రీన్ కార్డు క్యూలో మీ వరస తేదీ, మీదే. డిగ్రీలు కూడా మార్చుకోనక్కర్లేదు. జేఎన్‌టీయూ పట్టా మీద పుట్టింటి పేరు ఉంటే ఉండనివ్వండి, మీరు చదివినప్పుడు మీ పేరు అదే కదా, యూనివర్సిటీల చుట్టూ తిరిగి ఆరోగ్యం పాడుచేసుకోవద్దు.

కేసు పెండింగ్‌లో ఉండగా పేరు మారితే, ఆ సంగతి యూఎస్‌సీఐఎస్‌కి (అమెరికా ఇమిగ్రేషన్ శాఖ) రిసీట్ నంబర్‌తో సహా మ్యారేజ్ సర్టిఫికెట్, కొత్త పాస్‌పోర్ట్ కాపీలు పంపి తెలియజేయాలి, లాయర్ ఉంటే ఆయన ద్వారానే పంపండి. ఏఆర్-11 అనేది అడ్రస్ మార్పుకి మాత్రమే, అది వేస్తే పేరు మారదు. వేలిముద్రల అపాయింట్‌మెంట్ పాత పేరుతో వస్తే పాత పాస్‌పోర్ట్, కొత్త పాస్‌పోర్ట్, మ్యారేజ్ సర్టిఫికెట్ మూడూ పట్టుకెళ్ళండి.

పాత పేరుతో వీసా, కొత్త పేరుతో పాస్‌పోర్ట్

వీసా పాత బుక్కులో ఉండి పేరు మారని వాళ్ళు రెండు బుక్కులూ పట్టుకుని ప్రయాణం చేస్తారు, అది మామూలే. పేరు మారినప్పుడు మాత్రం అమెరికా విదేశాంగ శాఖ కొత్త వీసా తీసుకోమనే సూచిస్తుంది. అందుకే స్టాంపింగ్ (పాస్‌పోర్ట్‌లో వీసా వేయడం) అయిన కొత్తలో పేరు మార్చడం అంత తెలివైన పని కాదు, ఆ వీసా గడువు దగ్గరపడ్డాక మార్చుకుంటే ఎలాగూ కొత్తది తీసుకోవాలి కాబట్టి అందులోనే కలిసిపోతుంది. టికెట్ ఎప్పుడూ ఇప్పటి పాస్‌పోర్ట్‌లో ఉన్న పేరుతోనే కొనండి. దిగాక ఐ-94 వెబ్‌సైట్లో పేరు చూసుకోండి, తప్పుంటే కస్టమ్స్ వాళ్ళ డిఫర్డ్ ఇన్‌స్పెక్షన్ ఆఫీసులో దిద్దుతారు. ఆ తర్వాత వరస ఇది: ఇమిగ్రేషన్ పత్రం సరిగ్గా ఉన్నాక సోషల్ సెక్యూరిటీ (ఉద్యోగం, పన్నుల కోసం ఇచ్చే నంబర్ కార్డు), ఆ తర్వాత లైసెన్స్, ఆఫీసు పేరోల్, బ్యాంకు. సోషల్ సెక్యూరిటీ కార్డు మార్పుకి ఎస్ఎస్-5 ఫారం, ఫీజు లేదు. ట్యాక్స్ రిటర్న్‌లో పేరు సోషల్ సెక్యూరిటీ రికార్డుతో కలవకపోతే రీఫండ్ ఆలస్యం కావొచ్చు, కాబట్టి జనవరి లోపు ఈ పని ముగించుకుంటే మంచిది.

గ్రీన్ కార్డు వచ్చాక పేరు మార్చుకుంటే ఐ-90 వేసి కొత్త కార్డు తెచ్చుకోవాలి. కార్డు మీద పేరు వాళ్ళే తప్పు అచ్చు వేస్తే ఫీజు లేకుండా దిద్దుతారు, కార్డు రాగానే చూసుకోవడం అందుకే.

పేరు విషయం ఇప్పుడే తేల్చుకోలేకపోతున్నవాళ్ళకి సిటిజన్‌షిప్ దగ్గర ఇంకో అవకాశం ఉంది. సిటిజన్‌షిప్ అప్లికేషన్ ఫారం ఎన్-400లో పేరు మార్చుకోదలిచారా అని అడుగుతుంది, అవునంటే కోర్టులో జడ్జి ముందు జరిగే ప్రమాణంలో మారుస్తారు, పెళ్ళి పేరే కావాలని లేదు, ఎఫ్ఎన్‌యూ కూడా అక్కడ వదిలించుకోవచ్చు. ఆఫీసులో జరిగే ప్రమాణం కంటే దీనికి ఎక్కువ రోజులు పట్టొచ్చు. ఆ పేరు మార్పు ఉత్తర్వు కాపీ జాగ్రత్తగా దాచండి, ఇండియన్ పాస్‌పోర్ట్ సరెండర్ చేసేటప్పుడూ ఓసీఐకి (విదేశీ పౌరులైన భారతీయ మూలాల వాళ్ళకి ఇండియా ఇచ్చే కార్డు) అప్లై చేసేటప్పుడూ పాత పాస్‌పోర్ట్‌లో ఉన్న మనిషీ కొత్త పాస్‌పోర్ట్‌లో ఉన్న మనిషీ ఒకరే అని చూపించడానికి అదే కావాలి.