అక్వేరియం రొయ్యలు: ముందు గుడ్డు చూడండి

మా భీమవరం వైపు ఇంట్లో రొయ్యలు పెంచుతున్నానంటే వచ్చే మొదటి ప్రశ్న "ఎన్ని ఎకరాలండీ?", రెండోది "కౌంట్ ఎంత?" నావి వరండాలో థర్మాకోల్ పెట్టెల్లో ఉంటాయి. బాగా ఎదిగిన ఆడ రొయ్య కూడా మూడు సెంటీమీటర్లు ఉంటే గొప్ప. కౌంట్ చెప్పాలంటే కిలోకి వేలల్లో చెప్పాలి. మా అత్తయ్య ఒకసారి వంగి చూసి "చింతచిగురులోకి కూడా రావు కదే, ఎందుకివి?" అంది.

పగలు నేను చేసేది చెరువు నీళ్లు పరీక్షించే ల్యాబులో పని. అందుకే చెప్తున్నా, చెరువు దగ్గర నేర్చుకున్న దాంట్లో సగం ఈ రొయ్యలకు పనికొస్తుంది, మిగతా సగం వాటిని చంపుతుంది. మేత పెంచడం, మందు కొట్టడం, నీళ్లు మార్చడం మన చేతికి అలవాటు. ఇక్కడ ఆ చెయ్యి కట్టేసుకోవాలి. అంతకంటే ముందు, తెచ్చినది ఏ రొయ్యో తెలుసుకోవాలి.

షాపులో "ష్రింప్" అని ఒకే పేరుతో నాలుగైదు రకాలు అమ్ముతారు. పిల్లలు కావాలనుకునేవాళ్లు రంగు కంటే ముందు గుడ్డు చూడాలి. ఆడ రొయ్య పొట్ట కింద ఇరవై, ముప్పై గుడ్లు మాత్రమే ఉండి, ఒక్కొక్కటీ కంటికి విడిగా కనిపించేంత పెద్దదైతే, ఆ గుడ్డులోంచి నేరుగా చిన్న రొయ్యే బయటికొస్తుంది. మంచినీళ్లలోనే పుట్టి అక్కడే పెరుగుతుంది. అదే గుడ్లు ఇసుక రేణువుల్లా సన్నగా, వందలూ వేలూ ఉంటే పిల్ల లార్వాగా పుడుతుంది, దానికి ఉప్పు నీళ్లు కావాలి. స్కాంపీ (మంచినీటి పెద్ద రొయ్య) హేచరీలో పనిచేసినవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. తల్లి మంచినీటిదే అయినా, లార్వాను పన్నెండు పీపీటీ (లీటరుకు సుమారు పన్నెండు గ్రాముల ఉప్పు) దగ్గర పెంచితేగానీ పీఎల్, అంటే చిన్న రొయ్య పిల్ల, అవదు.

పాచి తినడానికి పేరున్న అమానో రొయ్య కూడా అలాంటిదే. జపాన్ ఫొటోగ్రాఫర్ తకాషి అమానో మొక్కల అక్వేరియంలలో వాడి ప్రచారం చేశాడు, అలా ఆయన పేరే దీనికి నిలిచింది. ఒంటి పక్కల చుక్కలూ గీతలూ ఉంటాయి. గుడ్లు పెడుతుంది, పిల్లలు ఈదుతూ కనిపిస్తాయి, తర్వాత మాయమైపోతాయి. తప్పు మీది కాదు, వాటికి ఉప్పు నీళ్లు కావాలి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు చెర్రీ రొయ్య చాలు. శాస్త్రీయ నామం నియోకారిడినా డేవిడి. తైవాన్, తూర్పు చైనా ప్రాంతాల వాగుల్లో ఉండేది. అడవి రంగు మట్టి రంగుకూ ఆకుపచ్చకూ మధ్య ఉంటుంది. ఎరుపు, పసుపు, నారింజ, బ్లూ డ్రీమ్, చాక్లెట్ అన్నీ మనుషులు ఏరి ఏరి నిలబెట్టిన రంగులే, అన్నీ ఒకటే జాతి.

ఎరుపు తెలుపు పట్టీలున్న క్రిస్టల్ రెడ్ చూసి ఆశపడకండి. అది కారిడినా అనే వేరే ప్రజాతి. 1990ల్లో హిసయాసు సుజుకి అనే జపాన్ ఆయన నల్ల పట్టీల రొయ్యల్లో ఎర్రది కనిపిస్తే దాన్ని ఏరి ఆ వంశం నిలబెట్టాడు. దానికి పీహెచ్ ఏడుకు లోపల, కేహెచ్ (ఆల్కలినిటీ) దాదాపు సున్నా, నీళ్లు 24 డిగ్రీల లోపు ఉండాలి. మన ఎండాకాలంలో దానికోసం చిల్లర్ కొనాలి. ఆ డబ్బుతో చెర్రీలకు పది పెట్టెలు వస్తాయి.

గాజులా ఉండే "గోస్ట్ ష్రింప్" విషయంలో జాగ్రత్త. కాలువలో వలేసి పట్టిన మాక్రోబ్రాకియం (స్కాంపీ వర్గపు రొయ్య) పిల్లల్ని ఆ పేరుతో అమ్మేవాళ్లు ఉంటారు. ముందు కాళ్లు చూడండి. చెర్రీకి ముందున్న రెండు జతల కాళ్లూ పొట్టిగా ఉంటాయి, చివర కుచ్చుల్లా వెంట్రుకలు, ఆ నాలుగింటితో రోజంతా పాచి గీరుకుంటుంది. మాక్రోబ్రాకియానికి రెండో జత పొడుగ్గా సాగి డెక్కలు తేలి ఉంటుంది. పెట్టెలో వేస్తే మీ చెర్రీలనే వేటాడుతుంది.

ఆడా మగా తేల్చడం సులువే. ఆడది పెద్దది, రంగు నిండుగా ఉంటుంది, పొట్ట అంచు కిందికి గుండ్రంగా దిగి ఉంటుంది. ఈడుకొచ్చినదానికి తల వెనక వీపు మీద పసుపు మచ్చ కనిపిస్తుంది. సాడిల్ అంటారు, లోపల తయారవుతున్న గుడ్లు అవి. మగది సన్నగా, పొడుగు మీసాలతో, కాస్త వెలిసినట్టుంటుంది. ఏవో రెండే కొనకుండా పది, పదిహేను చిన్నవి తెచ్చుకుంటే రెండూ వచ్చేస్తాయి.

ఇక నీళ్లు. డెల్టాలో అసలు చిక్కు ఇక్కడే. ధవళేశ్వరం నుంచి కాలువలో వచ్చే నీళ్లు చూడ్డానికి మెత్తగా బాగుంటాయి. కానీ అవి వరి చేల మీదుగా, చెరువుల మీదుగా తిరిగి వస్తాయి. సార్వాలోనో దాళ్వాలోనో పురుగుమందు కొట్టిన వారం ఆ నీళ్లు పోస్తే చేప బతకొచ్చేమోగానీ రొయ్య బతకదు. పురుగుకు పనిచేసే మందు రొయ్యకూ పనిచేస్తుంది. బోరు నీళ్లకు ఇంకో తంటా ఉంది. మా వైపు చాలా బోర్లలో ఉప్పే ఎక్కువ. నీళ్లలో కరిగినదంతా కలిపి కొలిచే టీడీఎస్ మీటరు ఎనిమిది వందలు చూపిస్తే అందులో కాల్షియం ఎంతో, ఉప్పు ఎంతో అది చెప్పదు. రొయ్య గుల్లకు కావలసింది కాల్షియం, మెగ్నీషియం.

నేను వాడేది ఆర్‌ఓ క్యాన్ నీళ్లు, అందులో ష్రింప్ మినరల్ పొడి. ఉప్పు తక్కువ ఉన్న బోరు మీకుంటే అదీ ఇదీ కలుపుకోవచ్చు. చెరువుకు చల్లే మినరల్ మిక్స్ మాత్రం వద్దు, అందులో రాగి ఉండే అవకాశం ఉంది. జీహెచ్ (హార్డ్‌నెస్) 6 నుంచి 8, కేహెచ్ 3 నుంచి 5, పీహెచ్ 7 చుట్టూ, టీడీఎస్ 200 ప్రాంతం చాలు. మన ల్యాబుల్లో రిపోర్టు పీపీఎంలో ఇస్తారు, అక్వేరియం వాళ్లు డిగ్రీల్లో మాట్లాడతారు. ఒక డిగ్రీ అంటే సుమారు 18 పీపీఎం. అంటే హార్డ్‌నెస్ 110 నుంచి 140, ఆల్కలినిటీ 55 నుంచి 90 మధ్య వస్తే సరిపోయినట్టే. కిట్లు కొనక్కర్లేదు, చెరువు శాంపిల్ ఇచ్చినట్టే సీసాలో ఇచ్చి రాయించుకోండి.

పెట్టెకు రొయ్యలు ప్యాక్ చేసే థర్మాకోల్ బాక్స్ బ్రహ్మాండంగా పనికొస్తుంది, కొత్తది కొనాలి. ఎండ వేడిని త్వరగా లోపలికి రానివ్వదు. కారుతుందనుకుంటే లోపల మందపాటి పాలిథిన్ పరుచుకోండి. ముప్పై లీటర్లు పట్టేదానికి ఒక స్పాంజ్ ఫిల్టర్, గుప్పెడు జావా మాస్ (నీటి నాచు), ఎండి రాలిన బాదం ఆకు ఒకటి. బాదం చెట్టు లేని వీధి మన ఊళ్లలో అరుదు కాబట్టి ఆకు షాపులో కొనకండి. ఇలా పెట్టి నెల, నెలన్నర వదిలేయాలి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు వచ్చి, గోడల మీద సన్నటి జిగురు పొర పట్టాక రొయ్యలు వేయాలి. ఆ పొరే పిల్లల మొదటి మేత. టెన్షన్ తట్టుకోలేక మొదటి వారంలోనే వేసేవాళ్లకు నేనేం చెప్పినా ఉపయోగం లేదు.

వేడి సంగతి. చెర్రీకి 22 నుంచి 26 డిగ్రీలు హాయి. 30 దాటితే గుడ్లు మానేస్తాయి, పీల్చుకునే ఆక్సిజన్ తగ్గుతుంది. పెట్టెల్ని ఉత్తరం వైపు నీడలో పెట్టి, నీళ్ల పైన చిన్న కంప్యూటర్ ఫ్యాన్ అడ్డంగా తిప్పితే రెండు డిగ్రీలైనా దిగుతుంది. సముద్రం గాలి తేమగా ఉన్న రోజు అంత దిగదు, ఎందుకంటే నీరు ఆవిరైతేనే చల్లబడుతుంది. ఆవిరైన మేరకు ఉత్త ఆర్‌ఓ నీళ్లే పోయాలి, మినరల్ కలిపినవి పోస్తే టీడీఎస్ పెరిగిపోతుంది. ఐస్ ముక్కలు వేయడం నాకు ఇష్టం లేదు, గంటలో నాలుగు డిగ్రీలు పడితే వేడి కంటే అదే ప్రమాదం. కరెంటు పోతే బ్యాటరీ ఏరియేటర్ ఉండాలి.

అన్నీ కుదిరితే పిల్లల కోసం మీరు చేయాల్సింది ఏమీ ఉండదు. ఆడది గుల్ల విడిచిన రాత్రి మగవన్నీ పిచ్చెక్కినట్టు పెట్టంతా ఈదుతాయి. మర్నాటికి సాడిల్ ఖాళీ అయి గుడ్లు పొట్ట కిందికి దిగి ఉంటాయి. తల్లి ఈత కాళ్లతో వాటిని విసురుతూనే ఉంటుంది. 25 డిగ్రీల దగ్గర సుమారు మూడు, నాలుగు వారాలు పడుతుంది, చివర్లో గుడ్డులో రెండు నల్ల కళ్లు కనిపిస్తాయి. తల్లిని వేరే పెట్టెలోకి మార్చకండి, ఆ కంగారుకు గుడ్లు వదిలేస్తుంది. విడిచిన గుల్లను తీసేయకండి, అవే తింటాయి. పిల్లలు రెండు మిల్లీమీటర్లుంటాయి, హేచరీల్లో లార్వాలకు వేసే ఆర్టీమియా అక్కర్లేదు, రెండున్నర నెలలకు ఈడుకొస్తాయి. చేప ఏదున్నా పిల్లలు మిగలవు, గప్పీ కూడా తింటుంది.

మేత వారానికి మూడుసార్లు, రెండు గంటల్లో తినగలిగినంత. ఉడకబెట్టిన బీరకాయ చెక్క, పెరటి మునగాకు బాగా తింటాయి. సంతలో కొన్న పాలకూర మీద మందు కొట్టారో లేదో తెలియదు కాబట్టి నేను వేయను. నీళ్లు వారానికి పదో వంతు మార్చితే చాలు. ఒకేసారి సగం మార్చితే గుల్ల సరిగా విడవక, మెడ దగ్గర తెల్ల పట్టీ చీలి చచ్చిపోతాయి.

రంగు నిలవాలంటే ఒక పెట్టెకు ఒకే రంగు. ఎరుపూ నీలమూ కలిపితే ఊదా రాదు, కొన్ని తరాలకు మళ్లీ వాగులోని మట్టి రంగు వస్తుంది. పాలిపోయినవాటిని వేరే పెట్టెలోకి ఏరేయండి. కాళ్లకు కూడా రంగెక్కిన ఆడవాటిని ఉంచుకోండి.

దోమల మందు గురించి మా ఇంట్లో రోజూ గొడవే. లిక్విడ్, కాయిల్‌లలో ఎక్కువగా ఉండేది పైరెత్రాయిడ్ రకం మందు, రొయ్యకు అది విషం. ఫాగింగ్ మందూ అంతే. మా ఇంట్లో దోమతెరే. తూనీగ గుడ్లు మొక్కలతో వస్తాయి, దాని పిల్ల ఒక్కటి చాలు పెట్టె ఖాళీ అవడానికి. బయటి పెట్టెలకు వల కప్పండి.

చెరువుల మధ్య ఉన్నవాళ్లు ఒక్కటి గట్టిగా పట్టుకోవాలి. 1994, 95 ప్రాంతంలో టైగర్ రొయ్యల చెరువుల్ని ఊడ్చేసిన వైట్ స్పాట్ వైరస్ రొయ్యలకీ పీతలకీ చాలా జాతులకు సోకుతుంది. అందుకే పచ్చి వనామి (చెరువు రొయ్య) తలకాయలు మేతగా వేయకూడదు, చెరువు వలగానీ బకెట్‌గానీ పెట్టెలో ముంచకూడదు. నేను ల్యాబు నుంచి వచ్చి స్నానం చేసేదాకా పెట్టె మూత తీయను. అలాగే పెట్టె నీళ్లు పెరట్లో మొక్కలకు పోయండి, కాలువలోకి వద్దు. జర్మనీలో విద్యుత్ కేంద్రం వేడి నీళ్లు కలిసే గిల్‌బాఖ్ వాగులో ఈ రొయ్యలే కాపురం పెట్టేశాయి. మన కాలువకు ఆ వేడి నీళ్లు కూడా అక్కర్లేదు.

సంఖ్య పెరిగాక పంచుకోవడం మొదలవుతుంది. హేచరీలో సీడ్ (రొయ్య పిల్లల) ప్యాకింగ్ చూసినవాళ్లకు పని తేలిక. ముందురోజు మేత ఆపి, కవర్లో మూడో వంతు నీళ్లు, మిగతా గాలి, పట్టుకోవడానికి మాస్ ముక్క ఒకటి వేసి థర్మాకోల్‌లో పెట్టి రాత్రి బస్సుకు ఇవ్వాలి. అందుకున్నవాళ్లు కవరును పావుగంట తేల్చి, తర్వాత సన్న ట్యూబుతో తమ నీళ్లు చుక్కచుక్కగా గంటసేపు కలపాలి. రోహిణి కార్తె దాటేదాకా నేను ఎవరికీ పంపను. ఊళ్లోవాళ్లయితే తొలకరి పడ్డాక మూత ఉన్న డబ్బా తెచ్చుకోమంటాను. పచ్చడి డబ్బా మాత్రం వద్దని ముందే చెప్తాను.