పాత తలుపులు తడిపి రుద్దించండి
సంక్రాంతికి ఇంటికి రంగులేయిస్తున్నారా? నెల్లూరు మూలాపేట లాంటి పాత వీధుల్లో తలుపులకీ, కిటికీ ఊచలకీ పొరలు పొరలుగా పాత ఎనామిల్ పెయింట్ ఉంటుంది. అందులో సీసం ఉండొచ్చు. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90 పాళ్లు) దాటకూడదన్న నిబంధన మన దేశంలో అమల్లోకి వచ్చిందే 2017 నవంబరులో. పొడిగా ఎమరీ పేపర్‌తో రుద్దితే లేచే దుమ్ము నేలమీదా, బొమ్మలమీదా పడి, పాకే బిడ్డల చేతుల నుంచి నోట్లోకి పోతుంది. ఎదిగే మెదడుకి సీసం కొంచెమైనా చేటే. ధ్యాస నిలవదు, తెలివి తగ్గుతుంది, ఆ నష్టం మళ్లీ పూడదు.

తడిపి రుద్దమనండి. పని లేటవుతుందని మేస్త్రీ అంటాడు, అయినా సరే. పిల్లల్నీ, కడుపుతో ఉన్నవాళ్లనీ ఆ నాలుగు రోజులూ వేరే ఇంట్లో ఉంచండి. తర్వాత చీపురు పట్టకుండా తడిగుడ్డతోనే తుడవండి.