వైద్య ట్రయల్‌ను చదవడం నేర్చుకుందాం – 3వ పాఠం: బయట ఉండిపోయిన పిల్లలు

పోయిన పాఠంలో రాండమైజేషన్ గురించి చెప్పుకున్నాం. చీటీ వేసినట్టుగా పిల్లలను రెండు గుంపులుగా విడదీస్తారని చూశాం. ఈసారి అంతకు ముందు మెట్టు: చీటీ దాకా వచ్చింది ఎవరు, రాకుండా ఆగిపోయింది ఎవరు? 28 వారాలు నిండకుండా పుట్టిన పిల్లల ట్రయల్ ఏది చదివినా ముందుగా అడగాల్సిన ప్రశ్న ఇదే.

ఉదాహరణకు అమెరికాలో 2005 నుంచి 2009 వరకు జరిగిన 'సపోర్ట్' ట్రయల్ తీసుకుందాం. 24 వారాల నుంచి 27 వారాల 6 రోజుల మధ్య పుట్టిన 1,316 మంది పిల్లలు ఇందులో ఉన్నారు. రక్తంలో ఆక్సిజన్ శాచురేషన్ (రక్తం ఎంత మేర ఆక్సిజన్‌తో నిండి ఉందో చెప్పే అంకె) కొందరికి 85–89 శాతం, కొందరికి 91–95 శాతం ఉండేలా చూశారు. ఫలితాలు 2010లో వచ్చాయి. ఆక్సిజన్ తక్కువ ఉంచిన గుంపులో బతికిన పిల్లలకు తీవ్రమైన కంటి జబ్బు తగ్గింది (8.6 శాతం, రెండో గుంపులో 17.9). మరణాలు మాత్రం పెరిగాయి (19.9 శాతం, రెండో గుంపులో 16.2).

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. మనం వెనక్కి వెళ్లి ట్రయల్ నివేదికలో 'పద్ధతులు' భాగం తెరుద్దాం. ఎవరిని తీసుకుంటారో చెప్పే వాక్యాల కింద గీత గీయండి. బిడ్డ ఆ ఆసుపత్రిలోనే పుట్టాలి. పూర్తి స్థాయిలో బతికించే ప్రయత్నం చేయాలని ముందే నిర్ణయించి ఉండాలి. పెద్ద అవయవ లోపాలు ఉండకూడదు. మొదటి షరతు దగ్గర కాసేపు ఆగండి. మన దగ్గర ఊళ్లో పుట్టి, 108లో జిల్లా ఆసుపత్రి ఎస్‌ఎన్‌సీయూకి (జబ్బుపడ్డ నవజాత శిశువుల ప్రత్యేక విభాగానికి) చేరే బిడ్డలాంటివాళ్లు ఈ లెక్కలో లేరు.

తర్వాత చూడాల్సింది సమ్మతి ఎప్పుడు తీసుకున్నారని. 'సపోర్ట్'లో చికిత్స కాన్పు గదిలోనే మొదలవుతుంది, అందుకే బిడ్డ పుట్టకముందే తల్లిదండ్రులు ఒప్పుకోవాలి. నొప్పులతో వచ్చి అరగంటలో కాన్పయిన తల్లికి కాగితం చదివే వ్యవధి ఎక్కడ? 2012లో ఈ సంగతిని విడిగా విశ్లేషించారు. అర్హత ఉండి కూడా చేరని పిల్లలు, చేరినవాళ్లకంటే ఎక్కువ. చేరిన పిల్లల తల్లుల్లో గర్భంతో ఉన్నప్పుడు వైద్య పరీక్షలు, బిడ్డ ఊపిరితిత్తుల కోసం ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు అందినవాళ్లు ఎక్కువ. చేరని పిల్లల్లో పుట్టగానే ఊపిరి పోయాల్సి వచ్చినవాళ్లూ, చనిపోయినవాళ్లూ ఎక్కువ. అంటే ఎక్కువ ప్రమాదంలో ఉన్న పిల్లలే బయట ఉండిపోయారు. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం.

అలాగని ట్రయల్‌ను కొట్టిపారేయకండి. లోపలికి వచ్చినవాళ్లను చీటీతోనే పంచారు కాబట్టి రెండు గుంపుల మధ్య పోలిక నిలబడుతుంది. 16.2 శాతం అనే అంకెను మాత్రం మీ ఊరి ఆసుపత్రికి అంటగట్టకూడదు.

మరి సమ్మతి నియమాన్ని సడలిస్తే సరిపోదా? నా ఉద్దేశంలో సరిపోదు. ఇదే ట్రయల్ సమ్మతి పత్రాల్లో ప్రమాదాలను సరిగా చెప్పలేదని 2013లో అమెరికా ప్రభుత్వ పర్యవేక్షణ కార్యాలయం తప్పుపట్టింది. దాని మీద వైద్యులు, నైతిక శాస్త్రవేత్తలు రెండు వర్గాలుగా వాదించుకున్నారు. ఆదరాబాదరాగా సంతకం పెట్టించుకుంటే ఎక్కువమంది పిల్లలు లెక్కలోకి వస్తారేమో గానీ, ఆ తల్లిదండ్రులకు న్యాయం జరగదు. గర్భిణిగా ఆసుపత్రికి వచ్చే రోజుల్లోనే విషయం చెప్పి ఉంచడం కొంత మేలు. ఆసుపత్రికే రాని తల్లికి అదీ అందదు.

అభ్యాసం: నవజాత శిశువుల ట్రయల్ ఒకటి ఎంచుకుని, అందులో 'కన్సార్ట్' పటం (ఎంతమంది ఏ మెట్టు దగ్గర ఆగిపోయారో డబ్బాల్లో చూపే బొమ్మ) వెతకండి. పై డబ్బాలో ఎంతమందిని పరిశీలించారు, పక్క డబ్బాలో ఎంతమందిని వదిలేశారు, కింద ఎంతమంది మిగిలారు అన్నవి నోట్‌బుక్‌లో రాయండి. వదిలేసిన ప్రతి కారణం ఎదుట, అది బిడ్డ పరిస్థితి వల్లనా, తల్లి పరిస్థితి వల్లనా, సిబ్బంది లేకపోవడం వల్లనా అని గుర్తు పెట్టండి. 'ఇతర కారణాలు' అన్న అంకె పెద్దగా కనిపిస్తే దాని చుట్టూ గుండ్రం చుట్టండి. వచ్చే పాఠంలో, 'మరణం లేదా కంటి జబ్బు' అని రెండు ఫలితాలను కలిపి ఒకే అంకెగా ఎందుకు చెబుతారో, ఆ అంకెను ఎలా విడదీయాలో చూద్దాం. ఆ పాఠానికి ఈ నోట్‌బుక్ అవసరం.