పెరూ భూగోళాన్ని ఒక్క అడ్డుకోత పటంతో నేర్చుకోవడం ఎలా?

దక్షిణ అమెరికా దేశాల గురించి చదివేటప్పుడు చాలామంది దేశం పేరు కింద వైశాల్యం, రాజధాని, నదులు, ఖనిజాలు వరసగా రాసుకుని కంఠస్థం చేస్తారు. పెరూ దగ్గరికి వచ్చేసరికి ఈ పద్ధతి బెడిసికొడుతుంది. దేశమంతా భూమధ్యరేఖకు, 18 డిగ్రీల దక్షిణ అక్షాంశానికి మధ్యనే ఉంటుంది. అయినా అందులో చినుకు పడని ఎడారి, ఏడాది పొడవునా కరగని మంచు, మనిషి దూరలేని అడవి ఉన్నాయి. వీటిని విడివిడిగా గుర్తుపెట్టుకుంటే పరీక్ష హాల్లో ఒకదానికొకటి అడ్డుపడతాయి. అదే దేశాన్ని పడమర నుంచి తూర్పుకు కత్తితో కోసినట్టు ఊహించుకుని, ఆ కోతను కాగితం మీద గీసి, దాని మీదే అన్నీ రాసుకుంటే ఒక విషయం నుంచి మరొకటి దానంతట అదే బయటికి వస్తుంది. పోటీ పరీక్షలకు చదివేవారికైనా, బడిలో పాఠం చెప్పేవారికైనా ఈ పద్ధతి పనికొస్తుంది. కావలసినవి దక్షిణ అమెరికా భౌతిక పటం, తెల్లకాగితం, స్కేలు, పెన్సిలు, ఒక గంటన్నర తీరిక.

గీతకు ముందు చూసుకోవలసినవి

పటంలో ముందుగా సరిహద్దులను వేలితో తడమండి. పడమట పసిఫిక్ మహాసముద్రం, ఉత్తరాన ఈక్వెడార్, కొలంబియా, తూర్పున బ్రెజిల్, ఆగ్నేయాన బొలీవియా, దక్షిణాన చిలీ ఉంటాయి. వైశాల్యం 12,85,216 చదరపు కిలోమీటర్లు, అంటే రెండు తెలుగు రాష్ట్రాలను కలిపితే వచ్చే వైశాల్యానికి నాలుగున్నర రెట్లకు పైమాటే. ఇంతకు మించిన అంకెలు ఈ దశలో అక్కర్లేదు.

ఆ తరువాత కొస్తా, సియెర్రా, సెల్వా అనే మూడు స్పానిష్ మాటలను కాగితం పైభాగాన ఎడమ నుంచి కుడికి రాయండి. కొస్తా అంటే తీరం, సియెర్రా అంటే కొండనాడు, సెల్వా అంటే అడవి. దేశ వైశాల్యంలో తీరానిది పన్నెండు శాతానికి లోపే, అడవిది దాదాపు అరవై శాతం, మిగిలింది కొండనాడు. జనాభా లెక్కకు వస్తే ఈ వరస తిరగబడుతుంది. 2017 జనగణన ప్రకారం ప్రజల్లో సుమారు 58 శాతం మంది తీరంలోనూ, 28 శాతం మంది కొండల్లోనూ, 14 శాతం మంది మాత్రమే అడవి ప్రాంతంలోనూ నివసిస్తున్నారు. ఈ తారుమారు ఎందుకో ఇప్పుడే తేల్చకండి. పక్కన ప్రశ్నార్థకం పెట్టి ముందుకు సాగండి, చివరిలో దాని పని పడుతుంది.

అడ్డుకోత గీయడం

రాజధాని లిమా నుంచి తూర్పుగా, కొంచెం ఉత్తరానికి ఒరిగి, ఉకయాలి నది మొదలయ్యే చోటున్న అటలాయా దాకా గీత తీయాలి. దేశంలోని మూడు మండలాలనూ దాటించే మధ్య రహదారి చాలావరకు ఈ దారినే పోతుంది కాబట్టి దీన్ని ఎంచుకున్నాను. కాగితం మీద అడ్డంగా ఒక సెంటీమీటరును 25 కిలోమీటర్లకు, నిలువుగా ఒక సెంటీమీటరును 1,000 మీటర్లకు లెక్కకట్టండి. ఎడమ చివర లిమా సముద్రమట్టానికి దగ్గరలో ఉంటుంది. అక్కడి నుంచి సుమారు నాలుగు సెంటీమీటర్ల దూరంలో టిక్లియో కనుమ ఉంటుంది, దాని ఎత్తు 4,800 మీటర్లకు పైనే. అయిదున్నర సెంటీమీటర్ల దగ్గర లా ఒరోయా 3,700 మీటర్ల పైన, ఆరున్నర దగ్గర టార్మా 3,000 మీటర్ల ఎత్తున, ఎనిమిదిన్నర దగ్గర సాన్ రమోన్ 800 మీటర్ల ఎత్తున, పదిహేనున్నర దగ్గర అటలాయా 200 మీటర్ల పైచిలుకున ఉంటాయి. ఈ చుక్కలను కలపండి.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. మన కాగితం మీద నిలువు కొలత అడ్డం కొలత కంటే పాతిక రెట్లు సాగదీసి ఉంది కాబట్టి పర్వతాలు గోడలా కనిపిస్తాయి. నిజానికి అంత నిట్రంగా ఉండవు. అయినా సముద్రపు ఒడ్డు నుంచి గట్టిగా నూరు కిలోమీటర్ల సరళ దూరంలో నేల 4,800 మీటర్లు పైకి లేవడం మామూలు విషయం కాదు. నజ్కా పలక అనే సముద్రగర్భ ఫలకం దక్షిణ అమెరికా ఫలకం కిందికి దూరుతూ ఉండటం వల్ల ఈ పర్వతాలు లేచాయి. 1970 మే 31న వచ్చిన భూకంపానికి దేశంలోకెల్లా ఎత్తయిన వస్కరాన్ శిఖరం (6,768 మీటర్లు) నుంచి మంచూ రాళ్లూ విరిగిపడి యుంగాయ్ పట్టణాన్ని పూడ్చివేయడం వెనుక ఉన్నదీ అదే కదలిక. గీత కింద, ఎడమవైపు, తూర్పుకు వాలిన బాణం ఒకటి వేసి "నజ్కా" అని రాసుకోండి.

లిమాలో వాన ఎందుకు పడదు?

లిమా 12 డిగ్రీల దక్షిణ అక్షాంశం మీద ఉంది. భూమధ్యరేఖకు మన కుప్పం ఎంత దూరమో లిమా కూడా దగ్గరదగ్గర అంతే దూరం, కాకపోతే అవతలి అర్ధగోళంలో. సముద్రపు ఒడ్డునున్న ఉష్ణమండల నగరం అనగానే మనకు చెమట, ఉక్క, తుపాను గుర్తుకొస్తాయి. అక్కడ సగటు ఉష్ణోగ్రత 19 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది, ఏడాది మొత్తం వానను కలిపినా మన దగ్గర ఒక చిరుజల్లుకు సరిపోదు. విద్యార్థులు ఎక్కువగా తడబడేది ఇక్కడే కాబట్టి నెమ్మదిగా మూడు గుర్తులు వేయండి.

మొదటి గుర్తు సముద్రంలో. తీరం వెంబడి దక్షిణం నుంచి ఉత్తరానికి హంబోల్ట్ శీతల ప్రవాహం సాగుతుంది. దానికి తోడు ఆగ్నేయ వ్యాపార పవనాలు తీరానికి సమాంతరంగా వీస్తూ ఉపరితల జలాన్ని ఒడ్డు నుంచి దూరంగా నెట్టివేస్తాయి, ఆ ఖాళీలోకి లోతు నుంచి చల్లని నీరు పైకి ఉబుకుతుంది. రెండో గుర్తు గాలిలో. చల్లని నీటిని ఆనుకున్న గాలి చల్లబడి కిందనే ఉండిపోతుంది, దాని మీద వెచ్చని గాలి మూతలా కూర్చుంటుంది. దీన్నే ఉష్ణోగ్రతా విలోమం అంటారు. మూత కింద మబ్బు పడుతుంది కానీ పైకి లేచి వాన మేఘంగా మారలేదు. మూడో గుర్తు పర్వతాల అవతల. అమెజాన్ వైపు నుంచి వచ్చే తేమగాలులు ఆండీస్ తూర్పు వాలుల మీదే తమ నీటిని దించుకుంటాయి కాబట్టి పడమటి వైపుకు వర్షచ్ఛాయే మిగులుతుంది.

ఈ మూతను చూపించడానికి 500 మీటర్ల నుంచి 1,000 మీటర్ల మధ్యలో ఒక చుక్కల గీత గీస్తే సరిపోతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఆ గీత కింద ఉన్న లిమా మీద బూడిదరంగు మబ్బు కదలకుండా ఉంటుంది. మంచుతుంపర లాంటి సన్నని జల్లు పడుతుంది, దాన్ని అక్కడివారు గరూవా అంటారు. మబ్బు దాదాపు అంతమయ్యే ఎత్తున, లిమాకు నలభై కిలోమీటర్ల లోపే ఉన్న చోసికాలో మాత్రం అదే రోజున ఎండ కాస్తుంది. చలికాలంలో ఎండ కోసం లిమావాసులు కొండెక్కుతారంటే వింతగానే ఉంటుంది, చుక్కల గీత చూశాక ఉండదు.

ఎత్తును బట్టి పేర్లు పెట్టడం

కొస్తా, సియెర్రా, సెల్వా అన్న మూడు ముక్కలు స్థూలమైనవి. పెరూ భూగోళ శాస్త్రవేత్త హావియర్ పుల్గార్ విడాల్ కొండ ప్రజలు తరతరాలుగా వాడుతున్న పేర్లను ఆధారం చేసుకుని దేశాన్ని ఎనిమిది సహజ మండలాలుగా విభజించాడు. గీతను ఎడమ నుంచి ఎక్కుతూ ఆ పేర్లు రాయండి. 500 మీటర్ల దాకా 'చాలా' అనే తీరమండలం, 2,300 దాకా యుంగా, 3,500 దాకా కెచువా, దాదాపు 4,000 దాకా సుని, 4,800 దాకా పూనా, ఆ పైన హాంకా. మళ్లీ తూర్పు వాలు దిగుతున్నప్పుడు ఇవే మండలాలు ఎదురవుతాయి. వెయ్యి మీటర్ల కింద రూపా రూపా అనే పైఅడవి, 400 మీటర్ల కింద ఒమాగ్వా అనే దిగువ అడవి వస్తాయి.

ప్రతి పేరు పక్కన అక్కడ ఏం పండుతుందో రాసుకుంటేనే ఇది నిలుస్తుంది. యుంగాలో పండ్లతోటలు, కెచువాలో మొక్కజొన్న, సునిలో కినోవా, బంగాళాదుంపలు ఉంటాయి. మన కూరల్లో వేసే బంగాళాదుంపకు పుట్టిల్లు దక్షిణ పెరూ, టిటికాకా సరస్సు పరిసరాలే. అంతర్జాతీయ బంగాళాదుంప పరిశోధన కేంద్రం లిమాలో ఉండటానికి కారణం వేరే వెతకనక్కర్లేదు. పూనాలో వ్యవసాయానికి చలి అడ్డం పడుతుంది కాబట్టి ఈచూ గడ్డి, దాన్ని మేసే లామాలు, అల్పాకాలు ఆధారం. రాత్రి గడ్డకట్టే చలికి, పగటి ఎండకు దుంపలను ఆరబెట్టి, తొక్కి, నీరు పిండి ఏళ్ల తరబడి నిల్వ ఉండే చున్యో తయారుచేయడం ఈ ఎత్తున నేర్చిన విద్య. తూర్పు వాలులో సాన్ రమోన్ చుట్టూ ఉన్న చంచమాయో లోయలో కాఫీ, నారింజ, అనాస పండుతాయి.

ఎత్తుతోపాటు నెలను కూడా అడగాలి. కొండనాడులో వానలు ఎక్కువగా నవంబరు నుంచి మార్చి దాకా పడతాయి, జూన్, జూలై నెలలు పొడిగా ఉంటూ రాత్రిళ్లు గడ్డకట్టిస్తాయి. ఈశాన్యాన ఇకిటోస్ నగరంలో ఏడాదికి 2,500 మిల్లీమీటర్లకు మించి వాన పడుతుంది, పొడి నెల అంటూ నిజంగా లేదు. దేశంలోని మిగతా నగరాలతో ఇకిటోస్‌ను కలిపే రోడ్డు లేదు, విమానంలోనో పడవలోనో వెళ్లాలి.

వనరులను అదే గీత మీద పెట్టడం

ఖనిజాల జాబితాను విడిగా రాయకండి. మన గీత మీద టిక్లియో దగ్గరే తొరొమోచో రాగి గని ఉంది, దాని కోసం మొరొకోచా అనే ఊరినే వేరే చోటికి తరలించారు. మరి కొంచెం కుడికి జరిగితే లా ఒరోయాలో 1922 నుంచి లోహాలను కరిగించే కర్మాగారం ఉంది, దాని సీసపు కాలుష్యం ప్రపంచానికంతా తెలిసినదే. నజ్కా పలక కిందికి దూరినప్పుడు పుట్టిన శిలాద్రవం పైకి వచ్చి చల్లారుతూ రాగి, వెండి, జింకు, సీసం, బంగారం నిక్షేపాలను మిగిల్చింది కాబట్టి పెద్ద గనులు ఎక్కువగా కొండ మండలాల్లోనే కనిపిస్తాయి. ఉత్తరాన అంతమీనా, దక్షిణాన లాస్ బాంబాస్, సెర్రో వెర్దే ఉన్నాయి. రాగి, వెండి ఉత్పత్తిలో పెరూది ప్రపంచంలోని ముందు వరస. సహజవాయువు మాత్రం పర్వతాలకు తూర్పున, కుస్కో ప్రాంతపు అడవుల్లోని కమిసేయాలో ఉంది. 2004 నుంచి అది ఆండీస్ దాటే గొట్టపు మార్గంలో లిమాకు చేరుతోంది.

గీత ఎడమ చివర వనరు రాతిలో ఉండదు, నీటిలో ఉంటుంది. లోతు నుంచి ఉబికే చల్లని నీరు పోషకాలను పైకి తెస్తుంది, వాటి మీద సూక్ష్మజీవులు, వాటిని తిని ఆంచోవేటా అనే చిన్న చేప, దాన్ని తిని సముద్రపక్షులు బతుకుతాయి. ఆ పక్షుల రెట్ట చించా దీవుల్లో గుట్టలుగా పేరుకుంది. వాన లేదు కాబట్టే అందులోని నత్రజని కడుక్కుపోలేదు. 1840ల నుంచి కొన్ని దశాబ్దాలపాటు గ్వానో అనే ఆ ఎరువును ఐరోపాకు అమ్మి పెరూ ప్రభుత్వం ఖజానా నింపుకుంది. ఇప్పుడు ఆ చేపనే పట్టి చేపపొడిగా మారుస్తున్నారు. రొయ్యల మేతలో కలిసే సరుకు కాబట్టి గోదావరి జిల్లాల ఆక్వా రైతులకు ఈ పేరు కొత్తేమీ కాదు.

ఈ వరసలో ఒక్క మెట్టు జారితే ఏమవుతుందో తెలుసుకోవాలంటే ఎల్ నినో చదవాలి. కొన్నేళ్లకు ఒకసారి వ్యాపార పవనాలు బలహీనపడి వెచ్చని నీరు పెరూ తీరానికి చేరుతుంది. క్రిస్మస్ ప్రాంతంలో వస్తుంది కాబట్టి ఉత్తర తీరపు జాలర్లు దానికి బాలయేసు పేరు పెట్టారు. అప్పుడు పోషకాలు పైకి రావు, చేపలు చెదిరిపోతాయి. 2023లో ఉత్తర మధ్య తీరంలో ఆంచోవేటా తొలి వేట సీజనును ప్రభుత్వం రద్దు చేయవలసి వచ్చింది. మూత తొలగిన ఉత్తర తీరంలో మాత్రం కుండపోత కురుస్తుంది, 1983, 1998, 2017ల్లో పియూరా ప్రాంతం వరదల్లో చిక్కుకుంది. మన రుతుపవనాలను ముందే అంచనా వేసే దారి వెతుకుతూ, దీనితో ముడిపడిన దక్షిణ డోలనాన్ని, అంటే పసిఫిక్ ప్రాంతపు గాలిపీడనంలో వచ్చే ఊగిసలాటను గుర్తించింది భారత వాతావరణ శాఖకు 1904 నుంచి 1924 దాకా అధిపతిగా ఉన్న గిల్బర్ట్ వాకర్. అయితే ఎల్ నినో అనగానే మనకు కరవు అని రాసేయడం తప్పు. 2002, 2009ల్లో వానలు దెబ్బతిన్నాయి గానీ, అత్యంత బలమైన 1997లో దేశంలో వర్షపాతం సాధారణంగానే ఉంది. 2017లోనైతే పెరూ తీరం ఒక్కటే వేడెక్కింది.

చివరగా నీటి బాణాలు

టిక్లియో కనుమ నుంచి రెండు వైపులా బాణాలు గీయండి. ఎడమవైపు బాణం రీమాక్ లాంటి పొట్టి నదులది, కుడివైపు బాణం అమెజాన్ ఉపనదులది. దేశపు మంచినీటిలో రెండు శాతం కూడా పసిఫిక్ వైపుకు రాదు, దాదాపు అంతా అట్లాంటిక్ వైపుకే పోతుంది. మొదట్లో పెట్టుకున్న ప్రశ్నార్థకం దగ్గరికి ఇప్పుడు తిరిగి వెళ్లండి. సగానికి పైగా జనం నీరు లేని వైపున ఉన్నారు. వ్యాధులు, వరదలు, దారులు లేని అడవి కంటే ఎడారిలో నది వెంబడి పొలం చేసుకోవడం, రేవు కట్టుకోవడం తేలికని వాళ్లు ఏనాడో తేల్చుకున్నారు.

అందుకే కుడి నుంచి ఎడమకు, పర్వతం లోపలి నుంచి, మనుషులు తవ్విన బాణాలను కూడా వేయాలి. మార్కపోమకోచా సరస్సుల నీటిని సొరంగం ద్వారా రీమాక్ నదిలోకి మళ్లించి లిమాకు అందిస్తున్నారు. ఉత్తరాన ఓల్మోస్ దగ్గర సుమారు ఇరవై కిలోమీటర్ల సొరంగం వేసి, అట్లాంటిక్ వైపు పోయే వాంకబాంబా నది నీటిని 2014 నుంచి ఎడారి పొలాలకు పారిస్తున్నారు. పెరూ ఎగుమతి చేసే ద్రాక్ష, బ్లూబెర్రీ, ఆస్పరాగస్ పంటల్లో కొంత ఇలాంటి నీటితో పండినదే. ఇటువంటి మళ్లింపు నీరు చాలని దక్షిణాదిలోని ఇకా లోయలో అదే పంటల కోసం బోర్లు వేసి భూగర్భజలాన్ని తోడుతున్నారు, ఆ మట్టం ఏటేటా కిందికి దిగుతోంది. దాన్ని గీత అడుగున, ఎడమ కొసన, కిందికి చూసే చిన్న బాణంతో గుర్తించండి.