పునరుత్థాన చిత్రాన్ని వాక్యం పక్కన పెట్టి చదవడం ఎలా?

యేసు సమాధిలోంచి లేచిన ఆ క్షణాన్ని నాలుగు సువార్తల్లో ఏదీ వర్ణించదు. దొర్లించిన రాయి, ఖాళీ సమాధి, దూత మాట, ఆ తర్వాత ఆయన కనబడటం. వాక్యం చెప్పేది ఇంతే. చిత్రకారుడికి మాత్రం ఏదో ఒకటి గీయక తప్పదు. కాబట్టి వాక్యంలో ఉన్నదెంత, చిత్రకారుడు చేర్చిందెంత అన్నది ముందు తేల్చుకోవాలి. చేర్చినదాన్ని తప్పని కొట్టిపారేయకండి. చాలాసార్లు అది బైబిల్లోనే ఇంకోచోటి నుంచి వచ్చి ఉంటుంది. ఎక్కడి నుంచో వెతికి పట్టుకోవడమే ఇందులో అసలు పని.

ఒక కూడికకు ఒకే చిత్రం చాలు. గంటంబావు సమయం పెట్టుకోండి. చిత్రాన్ని పెద్ద తెరమీదో పెద్ద కాగితంమీదో చూపించండి, ఫోన్లో అయితే చేతులు, పాదాలు, నేలమీది వస్తువులు కనబడవు. వాక్యం ముందుగా చదవొద్దు. చదివితే విన్నదే చిత్రంలో ఉందనుకుంటారు, నిజంగా ఉన్నది చూడరు. మొదటి ఐదు నిమిషాలు మౌనంగా చూడనివ్వండి. ఆ తర్వాత కనబడినవాటి జాబితా రాయించండి: మనుషులెందరు, ఎవరి చేతిలో ఏముంది, ఎవరు ఎటు చూస్తున్నారు, వెలుగు ఎటునుంచి వస్తోంది. ‘నిరీక్షణ’, ‘విజయం’ లాంటి మాటలు ఈ దశలో రానివ్వకండి. అవి వచ్చాయంటే చూడటం ఆగిపోయినట్టే.

ఇప్పుడు అది ఏ ఘట్టమో తేల్చండి. చేతుల్లో సుగంధద్రవ్యాల పాత్రలుంటే సమాధి దగ్గరికి వచ్చిన స్త్రీలు. వారి సంఖ్య కూడా ఆధారమే: మార్కు ముగ్గురి పేర్లు చెబుతాడు, మత్తయి ఇద్దరు మరియలను, యోహాను మగ్దలేనే మరియ ఒక్కర్తినే. దూత రాయిమీద కూర్చుంటే మత్తయి 28. తెల్లని నిలువుటంగీతో సమాధి లోపల కుడివైపు పడుచువాడుంటే మార్కు 16. యేసు చేతిలో పారగానీ తలమీద తోటమాలి టోపీగానీ ఉంటే యోహాను 20:15. బల్ల దగ్గర రొట్టె ఉంటే లూకా 24:30, ఎమ్మాయు అనే ఊళ్లో జరిగిన ఘట్టం. ఒక్కో చిత్రంలో రెండు సువార్తలు కలిసిపోయి ఉంటాయి, అప్పుడు రెండూ చదవాలి.

ఇటలీలోని సాన్‌సెపోల్క్రోలో పియెరో డెల్లా ఫ్రాంచెస్కా 1460ల ప్రాంతంలో వేసిన కుడ్యచిత్రం మొదలుపెట్టడానికి చాలా మంచిది. క్రీస్తు ఒక పాదం సమాధి అంచుమీద మోపి జెండా పట్టుకుని నిలబడ్డాడు. పక్కలో గాయం అలాగే ఉంది. మన ఎడమవైపు చెట్లు మోడులు, కుడివైపువి పచ్చగా ఉన్నాయి. కింద నలుగురు సైనికులు నిద్రపోతున్నారు. ఇక్కడ ఆగి మత్తయి 28 తీయండి. నాలుగో వచనంలో కావలివారు భయపడి వణికి చచ్చినవారివలె అయ్యారని ఉంది. ‘మేము నిద్రపోతుండగా’ అన్న మాట 13వ వచనంలో వస్తుంది, అది డబ్బిచ్చి వారిచేత చెప్పించిన కథ. ఈ ఒక్క వివరంమీద పావుగంట గడపొచ్చు: జరిగిన సంగతికి సాక్షులెవరూ లేని ఆ ఘడియను చిత్రకారుడు నిద్రతో ఎందుకు చూపించాడు?

యేసు లేచాడంటే నమ్మని శిష్యుడు తోమా చిత్రాల దగ్గర చాలామంది పొరబడతారు. ఇటలీ చిత్రకారుడు కారవాజ్జో చిత్రంలో తోమా వేలు గాయంలోకి దిగి ఉంటుంది. యోహాను 20:27లో యేసు వేలు చాచి చూడమన్నాడు. 28లో తోమా ‘నా ప్రభువా, నా దేవా’ అన్నాడు. ఈ రెంటి మధ్య ముట్టుకున్నాడని రాయలేదు. బృందంలో సగంమంది రాసి ఉందనే వాదిస్తారు, అప్పుడు వచనం బయటికి చదివించండి.

ఇస్తాంబుల్‌లోని ఒకప్పటి కోరా చర్చిలో 1315–1321 మధ్య వేసిన చిత్రం తూర్పు (ఆర్థడాక్స్) సంఘాల పద్ధతిలోది. అందులో సమాధి తోటా లేదు, సైనికులూ లేరు. క్రీస్తు పాతాళంలోకి దిగి ఆదామును ఒక చేత్తో, హవ్వను ఇంకో చేత్తో పైకి లాగుతున్నాడు. పట్టుకున్నది వాళ్ల అరచేతుల్ని కాదు, మణికట్లను. చనిపోయినవారికి తిరిగి పట్టుకునే శక్తి ఉండదు, బలమంతా ఆయనదే. పాదాల కింద విరిగిన తలుపులు, చెల్లాచెదురైన తాళాలు, కట్లతో పడి ఉన్న ఒక ఆకారం. వెతకాల్సిన వచనాలు మూడు: 1 పేతురు 3:19, ప్రకటన 1:18లోని తాళపుచెవులు, 1 కొరింథీయులకు 15:22లోని ఆదాము. ఈ చిత్రం ఉన్నది సమాధుల కోసం కట్టిన పక్క మందిరంలో. మృతుల పైనే ఇది కనబడేదన్న సంగతి తప్పక చెప్పండి.

సమయం మిగిలితే జర్మన్ చిత్రకారుడు గ్రూనెవాల్డ్ 1512–1516 మధ్య వేసిన ఇసెన్‌హైమ్ బలిపీఠ చిత్రఫలకాలు చూపించండి. చర్మం కుళ్లే వ్యాధిగ్రస్తులకు సేవచేసే ఆశ్రమానికి వేసినవి అవి. సిలువ ఫలకంలో క్రీస్తు దేహమంతా పుండ్లు, లేచిన ఫలకంలో వెలిగే చర్మం. 1 కొరింథీయులకు 15:42–43 పక్కనే చదవండి.

బృందంలో ఈమధ్యే ఆప్తులను పోగొట్టుకున్నవారు ఉంటే కోరా చిత్రాన్నే ఎంచుకోండి, వారిని మాట్లాడమని బలవంతపెట్టకండి. 1 థెస్సలొనీకయులకు 4:13ను ఏడవొద్దని చెప్పడానికి వాడటం తరచూ జరిగే పొరపాటు. ఆ వచనం వద్దంటున్నది నిరీక్షణ లేనివారి దుఃఖాన్ని. చనిపోయిన లాజరును సమాధిలోంచి పిలవబోయే ముందు, పిలుస్తానని తెలిసి కూడా, యేసు కన్నీళ్లు విడిచాడు. ఆ రోజు ముగింపు పాఠంగా యోహాను 11:35 నుంచి 44 దాకా ఆగకుండా చదివించండి.