లూప్ లోపలి లూప్ నుంచి ఒకేసారి బయటపడాలంటే

లూప్ (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేసే కోడ్) లోపల ఇంకో లూప్ ఉన్నప్పుడు, లూప్‌ను మధ్యలో ఆపే బ్రేక్ రాస్తే అన్ని లూపులూ ఆగిపోతాయని అనుకోకండి, అది తనను నేరుగా చుట్టుకుని ఉన్న లూప్‌ను మాత్రమే ఆపుతుంది.

థియేటర్‌లో మొదటి ఖాళీ సీటు వెతికే కోడ్ రాస్తున్నారనుకుందాం. బయటి లూప్ వరసలు తిరుగుతుంది, లోపలిది ఆ వరసలో సీట్లు చూస్తుంది. సీ వరసలో 5వ సీటు ఖాళీగా కనబడగానే దాన్ని ఒక వేరియబుల్‌లో పెట్టి బ్రేక్ ఇచ్చారు. ఆగింది సీ వరస వరకే. డీ వరసలో కూడా ఖాళీ ఉంటే పాత జవాబు పోయి కొత్తది వచ్చేస్తుంది, అలా చివరికి చేతికొచ్చేది ఖాళీ ఉన్న ఆఖరి వరసలోని సీటు. ఎర్రర్ ఒక్కటీ రాదు, అందుకే ఈ బగ్ చాలా రోజులు దాక్కుంటుంది.

నన్నడిగితే, ఏ భాషలోనైనా ముందు చేయాల్సింది ఈ రెండు లూపుల్నీ తీసి ఒక ఫంక్షన్‌లో (పేరు పెట్టి విడిగా రాసుకునే కోడ్ ముక్కలో) పెట్టడం. సీటు దొరకగానే రిటర్న్ చేయండి, అంటే జవాబిచ్చి ఫంక్షన్ నుంచి బయటికి వచ్చేయండి, ఎన్ని లూపులు లోపల ఉన్నా అన్నీ అక్కడే ఆగిపోతాయి. పైగా ఆ ఫంక్షన్‌కి ఒక పేరు ఉంటుంది కాబట్టి చదివేవాళ్లకీ సుళువు.

ఫంక్షన్ కుదరకపోతే జావా, జావాస్క్రిప్ట్, గో, రస్ట్‌లలో లేబుల్ ఉంది: బయటి లూప్‌కి పేరు పెట్టి, బ్రేక్ పక్కన ఆ పేరు రాస్తే సరిపోతుంది. పీహెచ్‌పీలో అయితే బ్రేక్ 2 అని అంకె ఇస్తే రెండు లూపులు దాటేస్తుంది. సీ భాషలో ఈ ఒక్క పనికి గోటూ (కోడ్‌లో ఇంకో చోటికి నేరుగా దూకే ఆదేశం) వాడటం తప్పేం కాదు, కాకపోతే కిందికే దూకాలి. ఫ్లాగ్ వేరియబుల్ (సీటు దొరికిందా లేదా అని గుర్తుపెట్టుకునేది) ఎక్కడైనా పనిచేస్తుంది, కానీ లోపలి లూప్ అయ్యాక దాన్ని చెక్ చేయడం మర్చిపోతే మళ్లీ మొదటికే వస్తాం.

పైథాన్‌లో లేబుల్ లేదు. అది కావాలని 2007లో పెప్ 3136 (పెప్ అంటే పైథాన్‌లో మార్పులు కోరే పత్రం) పేరుతో ప్రతిపాదన వస్తే పైథాన్ సృష్టికర్త గైడో వాన్ రోసమ్ తిరస్కరించారు. కానీ అక్కడ ఫర్ లూప్ కింద ఎల్స్ అనే భాగం రాయొచ్చు, బ్రేక్ తగలకుండా లూప్ పూర్తయితేనే అది నడుస్తుంది. పూర్తిగా ఖాళీగా ఉన్న వరస కావాలంటే ఇది భలే సరిపోతుంది: బుక్ అయిన సీటు కనబడితే బ్రేక్, ఎల్స్‌లోకి వచ్చామంటే వరసంతా ఖాళీ అన్నమాట. జావాలో ఇదే పనికి లేబుల్‌తో కంటిన్యూ వాడితే లోపలిది వదిలేసి నేరుగా తర్వాతి వరసకు వెళ్తుంది.

ఇంకో రెండు చోట్ల జాగ్రత్త. సీ, జావా, జావాస్క్రిప్ట్‌లలో లూప్ లోపల స్విచ్ (విలువను బట్టి ఏ కోడ్ నడవాలో ఎంచుకునేది) ఉంటే, అందులోని మామూలు బ్రేక్ స్విచ్‌నే ఆపుతుంది, లూప్‌ని కాదు. జావాస్క్రిప్ట్ ఫర్‌ఈచ్‌లో (జాబితాలోని ప్రతి ఐటెమ్‌కీ ఒక ఫంక్షన్‌ని నడిపేది) బ్రేక్ అసలు చెల్లదు, రిటర్న్ ఇచ్చినా తర్వాతి ఐటెమ్‌కి వెళ్లిపోతుంది, మామూలు ఫర్ లూప్ వాడండి.

టెస్ట్ చేసేటప్పుడు రెండు వేర్వేరు వరసల్లో ఖాళీలు పెట్టి చూడండి, ఒకే ఖాళీతో చూస్తే తప్పు కోడ్ కూడా సరైన జవాబే ఇస్తుంది. హాలంతా నిండిపోయిన కేసు కూడా ఒకసారి నడపండి.